పత్తి యార్డులో పందెపు కారు

రేడియో అనగానే మనకు పాటలు, వార్తలు స్ఫురించును. ఎక్కడనో ఒక స్తంభము నుండి బయలుదేరిన తరంగము మన ఇంటి పెట్టెలో దూరి మాటయై వినిపించుట మనకు అలవాటైపోయిన వింత. ఆ తరంగమే మాటగా గాక ఆజ్ఞగా మారి, నేలపై పరుగెత్తు చిన్న కారును కుడికి, ఎడమకు త్రిప్పగలదనుట పిల్లలకు సైతము తెలిసిన సంగతియే. జాతరలో కొన్న రిమోట్ కారు ఏదో ఒక మూల పడియుండని ఇల్లు ఈ రోజులలో అరుదు. మేము చెప్పబోవునది ఆ బొమ్మను గూర్చి కాదు. దాని జాతిదే యైనను, ముక్కలు ముక్కలుగా పెట్టెలో వచ్చి, కొన్నవాడే బిగించుకొని పందెమునకు దింపవలసిన టూరింగ్ కారును గూర్చి. పరకాలలో మేము నలుగురము అట్టి కారు నొకదానిని కట్టితిమి. ఆ పనిలో ఒక రాత్రి ఒక రైతు ఇంటిని, అందలి పత్తిని తగులబెట్టబోయి తప్పించుకొంటిమి. ఆ సంగతియు దాచక చెప్పెదము.

మా దుకాణము ట్రాన్సిస్టర్ల మరమ్మతుతో మొదలైనది. ఇప్పుడు సెల్‌ఫోన్ల మరమ్మతుతో నడచుచున్నది. టంకము పెట్టుట, తీగ వెదకుట, చిన్న మరలను పోగొట్టుకొనకుండుట మాకు పాత విద్యలే. కనుక ఈ కారు పని మాకు సులభమని తలచితిమి. విద్యుత్తు సంగతి వరకు అది నిజమే. మిగిలినదంతయు మేము నేలమీద నేర్చినదే.

దూరము నుండి యంత్రమును నడుపుట క్రొత్త ఊహ కాదు. 1898లో న్యూయార్కు నగరపు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా నీటితొట్టిలో ఒక చిన్న పడవను విడిచి, తీగ ఏదియు లేకుండ దానిని నడిపి చూపెను. అంతకు మూడు నాలుగేండ్ల ముందే కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ గోడల గుండ తరంగమును పంపి గంట మ్రోగించెను. ఆ విద్య ఆటవస్తువగుటకు చాల కాలము పట్టినది. 1976లో జపానులోని షిజువోకా నగరమునకు చెందిన తమియా సంస్థ పోర్షే 934 కారును పన్నెండవ వంతు పరిమాణమున రేడియోతో నడుచునట్లు చేసి అమ్మినది. ఆ తరువాత ఈ వినోదము దేశదేశములకు ప్రాకినది.

రేడియో గలవారికి తరంగపు పొడవును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. హైదరాబాదు కేంద్రమును మన పెద్దలు వినుచు వచ్చిన 738 కిలోహెర్ట్జ్ తరంగము ఇంచుమించు 406 మీటర్ల పొడవు గలది. అనగా ఒక్కొక్క అల ఊరిలో ఒక వాడ నుండి మరియొక వాడ వరకు సాగునన్నమాట. నేటి పందెపు కార్లు వాడు 2.4 గిగాహెర్ట్జ్ తరంగము పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు మాత్రమే; జానెడు కూడ లేదు. అందుచేతనే కారులోని రిసీవరుకు మూడు సెంటీమీటర్ల తీగ ఏరియల్‌గా చాలును. పూర్వము 27 మెగాహెర్ట్జ్ వాడు దినములలో తోకవలె పొడవాటి తీగ వ్రేలాడుచుండెడిది. అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి. ఇద్దరి పెట్టెలలో ఒకే స్ఫటికము ఉన్నచో ఒకని మీట నొక్కగా రెండవవాని కారు గోడకు పోయి కొట్టుకొనెడిది. ఇప్పటి ట్రాన్స్‌మిటరు తన రిసీవరును గుర్తుపెట్టుకొనును. పది కార్లు ఒక్కచోట పరుగెత్తినను ఒకదాని ఆజ్ఞ మరియొకటి వినదు. 2005 జనవరిలో భారత ప్రభుత్వము 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో తక్కువ శక్తిగల సాధనములకు లైసెన్సు అవసరము లేదని నియమము చేసినది. ఒకప్పుడు ఇంట రేడియో వినుటకే తపాలా కార్యాలయములో లైసెన్సు రుసుము కట్టిన కుటుంబములకు ఇది చిత్రముగా తోచవచ్చును.

మేము ఎన్నుకొన్నది 2013లో వెలువడిన తమియా వారి టీటీ-02 అను చాసిస్. రోడ్డుమీది కారులో పదవ వంతు. ముందు ఇరుసుకు, వెనుక ఇరుసుకు నడుమ 257 మిల్లీమీటర్లు. మోటారు బలము ఒక ఉక్కు దండము ద్వారా నాలుగు చక్రములకును చేరును. పెట్టెలో చాసిస్, మోటారు, టైర్లు, పైతొడుగు వచ్చినవి. ట్రాన్స్‌మిటరు, రిసీవరు, ముందు చక్రములను త్రిప్పు సర్వో, బ్యాటరీ, ఛార్జరు వేరుగా కొనవలెను. ఇవన్నియు కలిసిన ఖరీదు మంచి సెల్‌ఫోను ఖరీదుకు తగ్గదు. నలుగురము పంచుకొంటిమి గనుక భరించితిమి.

బిగింపులో మొదటి పాఠము స్క్రూడ్రైవరు నేర్పినది. జపాను వారి ప్లస్ గుర్తు స్క్రూకును, మన హార్డ్‌వేరు దుకాణములోని స్క్రూడ్రైవరుకును పొందిక తక్కువ. చూచుటకు రెండును ఒకటే. బలము పెట్టగానే జారి తల అరగిపోవును. ప్లాస్టిక్‌లో మర తనకు తానే త్రోవ కోసికొని దిగవలెను గనుక, దిగినపిదప ఒక్క చుట్టు ఎక్కువ త్రిప్పినను పట్టు పోవును. సెల్‌ఫోను మరల సున్నితమునకు అలవాటుపడిన మా చేతులే మూడుచోట్ల పొరపడినవి.

మోటారుకు టంకము పెట్టునపుడు మూడు చిన్న కెపాసిటర్లను తప్పక చేర్చవలెను. ఇంటిలో మిక్సీ తిరుగుచుండగా రేడియోలో గరగర వినిపించుట శ్రోతలు ఎరిగినదే గదా! ఆ మోటారు బ్రష్షుల వద్ద పుట్టు రవ్వల అల్లరి అది. కారు మోటారులోను అవే రవ్వలు పుట్టును. గానము చెడినచో మనము విసుగుకొని ఊరుకొందుము. ఆజ్ఞ చెడినచో కారు కాలువలో పడును.

మరియొక చిన్న నియమము. మొదట వెలుగవలసినది చేతిలోని ట్రాన్స్‌మిటరు, చివర ఆరవలసినదియు అదియే. మాలో చిన్నవాడు ఒకనాడు క్రమము తప్పి, కారు కరెంటు తీయక ముందే చేతిలోని పెట్టెను ఆర్పివేసెను. సంకేతము ఆగినచో కారు నిలిచిపోవునట్లు సరిచేసికొను వీలు రిసీవరులో ఉన్నది. దానిని మేము సరిచేయలేదు. కారు తిన్నగా పరుగెత్తి ట్రాక్టరు ట్రాలీ క్రింద దూరినది.

ఇక బ్యాటరీ.

లిథియం పాలిమర్ బ్యాటరీ ఈ ఆటకు ప్రాణము. రెండు అరలు, ఒక్కొక్కటి 3.7 వోల్టులు. నిండినపుడు అరకు 4.2. మూడు వోల్టులకు క్రిందికి దిగనీయరాదు. మరీ క్రిందికి దిగినచో లోపలి రాగిరేకు కొంత కరగును. తిరిగి ఛార్జి చేయునపుడు ఆ రాగి సన్నని మొలకలవలె పేరుకొని, కలియరాని రెండు పొరలను కలుపును. అపుడు వేడి పుట్టును, వాయువు పుట్టును, తరువాత మంట. ఈ శాస్త్రమంతయు మాకు పుస్తకములలో తెలియును. చేతులలో తెలియదని 2024 జనవరిలో తేలినది.

ఆ దినములలో కారు పని మాలో ఒకని ఇంట జరుగుచుండెను. అతని తండ్రి పత్తి రైతు. ధర పెరుగునని ఎదురుచూచుచు పదిహేను క్వింటాళ్ల పత్తిని ముందుగదిలో పోసియుంచెను. పరకాల ప్రాంతమున ఆ నెలలో ఏ ఇంటికి పోయినను ఇదే దృశ్యము. మంచము వేయుటకు చోటుండదు గాని పత్తికి ఉండును. మేము కొన్న స్పీడ్ కంట్రోలరు పాత రకపుది. బ్యాటరీ ఒక హద్దుకు దిగగానే మోటారును ఆపు ఏర్పాటు దానియందు లేదు. వీధిలో కారును నడిపి, మీట కట్టుట మరచితిమి. మరునాటికి అర ఒక్కింటికి రెండు వోల్టులైనను లేవు.

మంచి ఛార్జరు అట్టి బ్యాటరీని ముట్టుకొననని తెరమీద చెప్పును. మాది చెప్పినది. మేము వినలేదు. ఛార్జరును వేరు రకపు బ్యాటరీల పద్ధతికి మార్చి, కొంచెము వోల్టేజీ ఎక్కించి, పిదప అసలు పద్ధతికి రావచ్చునని మాలో ఒకడు ఉపాయము చెప్పెను. మరమ్మతు దుకాణపు తెలివి ఇట్లే యుండును. యంత్రము వద్దన్నచో దాని కన్నుగప్పుటయే నేర్పనుకొందుము. ఛార్జరును పత్తికి నాలుగడుగుల దూరమున బల్లమీద పెట్టి అన్నమునకు కూర్చుంటిమి.

వాసన మొదట ఇంటి యజమానికి తెలిసినది. మందులషాపు వాసనవలె తీయనిది. పోయి చూడగా బ్యాటరీ పూరీవలె ఉబ్బియున్నది. తీగలు లాగివేసితిమి, అయినను ఉబ్బు ఆగలేదు. ఆయన మమ్ము ప్రక్కకు నెట్టి, దొడ్డిలోని పారను తెచ్చి, దానిమీదికి బ్యాటరీని దొర్లించుకొని వీధిలోనికి నడచెను. పరుగెత్తలేదు. పారనుండి జారిపడునని కాబోలు, మెల్లగా నడచెను. ఇల్లు కట్టుటకై పోసిన ఇసుక కుప్పమీద దానిని వంచి నాలుగడుగులు వెనుకకు వచ్చిన తరువాత అది బుస్సుమని పొగ చిమ్మినది, వెంటనే మండినది. ఒక నిమిషము పాటు, అంతే. ఆ నిమిషము ముందుగదిలో గడచియుండినచో ఏమగునో పత్తి ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. పత్తికి అంటిన నిప్పు పైన ఆరినట్లే యుండి లోలోపల రాజుకొనుచుండును.

ఆయన మమ్ము తిట్టలేదు. పారను గోడకు ఆనించి, "ఇంట్ల పత్తి పెట్టుకొని గీ నిప్పుతోని ఆటలేంది బిడ్డా? గది కాలితే పిల్ల పెండ్లి కాలినట్టే గద" అని మాత్రమనెను. ఆ సంవత్సరము ఆయన కూతురి పెండ్లి ఆ పత్తిమీదనే ఆధారపడి యున్నదని మాకు అప్పుడు తెలిసినది.

రెండు వారములు ఎవరమును కారును ముట్టలేదు. తిరిగి మొదలు పెట్టునపుడు మొట్టమొదట ఆయన వద్దకే పోయి అడిగితిమి. ఆయన పెట్టిన షరతు ఒక్కటే: ఛార్జింగు ఇంటిలో వద్దు. నాటినుండి ఛార్జింగు మా దుకాణము ముందరి అరుగుమీద, ఇసుక పోసిన ఇనుప తట్టలో, ఒక మనిషి ఎదుట కూర్చుండగా మాత్రమే జరుగును. వోల్టేజీ హద్దును గుర్తించు క్రొత్త స్పీడ్ కంట్రోలరును కొంటిమి. రెండు అరలను సమముగా నింపు ఛార్జరును కొంటిమి. వేగమునకై దాచుకొన్న సొమ్మంతయు దీనికే ఖర్చయినది.

పైతొడుగు సంగతి నవ్వు పుట్టించును. అది పారదర్శకమైన పాలికార్బొనేటు రేకు. రంగును లోపలివైపు వేయవలెను. అపుడు బయట ఎంత రాచుకొనినను రంగు చెదరదు. మేము దానిని లారీలకు పూలు, నెమళ్లు వ్రాయు పెయింటరుకు ఇచ్చితిమి. ఆయన ఇరువది యేండ్ల అలవాటు చొప్పున బయటనే వేసెను. అందమైన నెమలి. మొదటి పల్టీలో నెమలి తోక పోయినది. రెండవ పల్టీలో నెమలియే పోయినది. లోపల వేయునపుడు అక్షరములు తలక్రిందులుగా గాక అద్దములో వలె తిరుగవేసి వ్రాయవలెననియు, ముందు కనబడవలసిన రంగునే మొదట వేయవలెననియు ఆయనయే తరువాత మాకు ఓపికతో చేసి చూపెను.

నడుపుటకు నేల కావలెను. పరకాలలో చదునైన సిమెంటు నేల ఎక్కువగా దొరకునది మార్కెట్టు యార్డులో. అయితే అక్టోబరు నుండి అక్కడ పత్తి బండ్లు. వేసవి ముదిరినపుడు యాసంగి వడ్లు. మాకు మిగిలినవి మార్చి చివర రెండు మూడు వారములు, పిదప వానల నడుమ తెరపి దినములు. కావలివాని అనుమతితో తెల్లవారు ఆరు గంటలకు పోయి, ఎనిమిదింటికి తిరిగివచ్చెడివారము.

నేల ఊడ్చియే యుండును గాని, సిమెంటు పలకల సందులలో పత్తి పింజ దాగియుండును. చక్రము దానిని లాగికొని ఇరుసుచుట్టు దారమువలె పేనును. పది నిమిషములలో బేరింగు బిగిసిపోవును. విదేశములలో ముద్రించిన సూచనల పుస్తకములో ఈ జబ్బు లేదు. ప్రతి పరుగు తరువాత సన్నని పట్టకారుతో పింజను లాగి తీయుటకు ఒకనిని నియమించితిమి. నేలకు, చాసిస్‌కు నడుమ ఐదారు మిల్లీమీటర్లు చాలునని అందరును చెప్పుదురు. మా పలకల అంచులకు తగులకుండుటకు ఎనిమిది ఉంచితిమి. మలుపులలో కొంచెము ఒరగును. ఓర్చుకొంటిమి. చక్రముల వాలును వడ్రంగి మూలమట్టము పెట్టి చూచుకొంటిమి. కుడి ఎడమల బరువు సమమో కాదో తెలియుటకు, చాసిస్ నడిగీతమీద ముందొకటి, వెనుకొకటి దారము కట్టి త్రాసువలె వ్రేలాడదీసితిమి. బ్యాటరీ వైపు క్రుంగినది. రెండవవైపు సీసపు ముక్కలు అంటించితిమి.

పందెములో ఈ తరగతి కార్లన్నింటికి ఒకే విధమైన 540 మోటారు ఉండవలెను. ఇక తేడా ఎక్కడ? గేరులో. మోటారుమీది చిన్న గేరుకు 22 పండ్లు, దానితో కలియు పెద్ద గేరుకు 70. లోపలి గేర్ల హెచ్చింపు 2.6 రెట్లు. లెక్క వేసినచో మోటారు 8.27 చుట్లు తిరిగిననే చక్రము ఒక్క చుట్టు తిరుగును. మోటారు నిమిషమునకు సుమారు 15 వేల చుట్లు, టైరు చుట్టుకొలత 20 సెంటీమీటర్లు. గంటకు ఇంచుమించు 22 కిలోమీటర్ల వేగము వచ్చును. చిన్న గేరును 25 పండ్లకు మార్చినచో కాగితముమీద వేగము 25 కిలోమీటర్లగును. యువకులు ఊరుకొందురా? 2024 ఏప్రిల్ మొదట ఒక ఉదయము ఆలస్యముగా మొదలై, ఎండ ఎక్కిన పిదప అట్లే చేసితిమి. మొదటి మూడు నిమిషములు కారు ఈలవేయుచు పోయినది. నాలుగవ నిమిషమున మందగించినది. మోటారు ఎంత కాలినదో చూడవలెనని కరోనా నాడు కొన్న నుదుటి థర్మామీటరును పెట్టితిమి. అది మనుష్యుల జ్వరమునకు చేసినది; అంకె చూపక 'హై' అని మాత్రము చెప్పినది. వ్రేలు పెట్టిన చిన్నవానికి ఆ పలుకు వివరముగా అర్థమైనది. విప్పి చూడగా లోపలి రాగి కడియము బొగ్గువలె నల్లబడియున్నది. వేడికి అయస్కాంతములు కూడ బలహీనపడును. అట్టి మోటారు చల్లారినను మునుపటి మోటారు కాదు.

పుస్తకములోని గేరు చల్లని దేశపు గేరని మాకు తోచినది. క్రొత్త మోటారుకు 22 కు బదులు 20 పండ్లు పెట్టితిమి. వేగము 20 కిలోమీటర్లకు దిగినది. మోటారు ఐదు నిమిషములు నిలిచినది. ఏసీ మెకానిక్కు వద్ద అసలైన ఉష్ణమాపకమును బదులు తెచ్చి, ప్రతి పరుగు తరువాత అంకె వ్రాసికొంటిమి. 80 డిగ్రీలు దాటనీయరాదని హద్దు పెట్టుకొంటిమి. టైర్లును అంతే. 24, 28, 32, 36 అని టైర్లకు అంకెలుండును. నేల వేడి పెరిగినకొలది పెద్ద అంకె వాడవలెను. వేసవిలో ఉదయము ఎనిమిదింటికే మా సిమెంటు కాలు మోపనీయదు. మెత్తని టైరు దానిమీద పెన్సిలు రబ్బరువలె అరగిపోయినది.

2024 సెప్టెంబరులో హనుమకొండలోని ఒక ఇంజినీరింగు కళాశాల ఉత్సవమున పందెము జరిగినది. ఆటస్థలములో నీళ్ల పైపులను మెలికలుగా పరచి త్రోవ చేసిరి. తొమ్మిది కార్లు, ఐదు నిమిషములు, ఎక్కువ చుట్లు తిరిగినవాడు గెలిచినట్లు. బోల్తాపడిన కార్లను నిలబెట్టుటకు మలుపుమలుపునకు ఒక మనిషి. మిగిలినవారందరును చదువుకొను పిల్లలు. మాలో పెద్దవానికి నెరసిన మీసము. ఒక విద్యార్థి వచ్చి, "అంకుల్, మీ అబ్బాయి ఏ కాలేజీ?" అని మర్యాదగా అడిగెను. మేమే నడుపుదుమని చెప్పుటకు కొంచెము సిగ్గుపడితిమి.

మొదటి నిమిషమున మేము ఎనిమిదవ వారము. తిన్నని త్రోవలో అందరును మమ్ము దాటిరి. మూడవ నిమిషమునకు ఒక కారు పొగవాసనతో నిలిచినది. నాలుగవ నిమిషమున మరి రెండు మందగించినవి. ఒకటి పైపుకు తగిలి ముందు చక్రపు చేయి విరిగినది. మా కారు మొదటి చుట్టు ఎంతలో తిరిగినదో కడపటి చుట్టును ఇంచుమించు అంతలోనే తిరిగినది. ముగింపునకు నాల్గవ స్థానము. మోటారు వేడి 68 డిగ్రీలు. బహుమానములు మూడు స్థానములకే గనుక చేతికి ఏమియు రాలేదు. ఇంటికి వచ్చి ఆ రైతుకు చెప్పగా ఆయన స్థానమును గూర్చి అడుగలేదు. "బ్యాటరీ ఏడబెట్టిన్రు?" అని అడిగెను.

అక్టోబరులో యార్డు తిరిగి పత్తితో నిండినది. కారు మా దుకాణములో అలమారమీద నున్నది. బరువు టైర్లమీద పడకుండ క్రింద చెక్కముక్క పెట్టితిమి. బ్యాటరీని నిండుగాను గాక, ఖాళీగాను గాక, అరకు 3.8 వోల్టుల వద్ద నిలిపి, అడుగున ఇసుక పోసిన మట్టికుండలో పెట్టి, మూకుడు బోర్లించి, వెనుక రేకులషెడ్డులో ఉంచితిమి. నెలకొకమారు మూత తీసి వోల్టేజీ చూచుచున్నాము. కుండమీద తేదీలు సుద్దముక్కతో వ్రాయు పని చిన్నవానిది.